అత్తయ్య బేరం మానేసిన వేసవి

ఆ ఎండాకాలం మైలవరం నుంచి పెళ్లి బట్టలకని ఒకావిడ మా కొట్టుకి వచ్చింది. ఇద్దరు కూతుళ్లని వెంటేసుకుని, పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, బీరువాలో సగం చీరలు విప్పించి, చివరికి మామిడిపండు రంగు చీర ఒకటి ఒళ్లో పెట్టుకుని, చెప్పిన ధరలో సగానికి అడిగింది. అలా అడగడం ఆవిడ హక్కు. సగం దగ్గర మొదలుపెడితే ముప్పాతిక దగ్గర తెగుతుందని మా వైపు పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. మా అత్తయ్య గల్లా పక్కన గోడకి చేరబడి ఉంది. "ఏంటమ్మా, ఆ డబ్బుకి దారమన్నా వస్తుందా?" అని ఆవిడ అందుకుంటుందని నేను మడతలు సర్దుతూ ఎదురుచూస్తున్నాను.

"సరే, తీసుకెళ్లండి" అంది అత్తయ్య.

మైలవరం ఆవిడ చెయ్యి చీర మీద అలాగే ఆగిపోయింది. మెల్లగా చీర విప్పి, గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి వెలుగుకి పట్టి చూసింది.

"ఎక్కడన్నా చిరిగిందా అండీ?"

"లేదండీ" అన్నాను.

"ఉతికితే రంగు దిగుతుందా?"

"మంగళగిరి చీరండీ, రంగెందుకు దిగుతుంది?"

"మరి..." అని అత్తయ్య వంక చూసి, కూతుళ్ల వంక చూసి, చీర పరుపు మీద పెట్టేసింది. "మళ్లీ వస్తాం లెండి" అంటూ చెప్పులు వేసుకుంది. అడిగిన ధరకి ఇస్తానంటే భయపడి పారిపోయిన గిరాకీని నేను చూడటం అదే మొదటిసారి.

మా ఆయన పడీ పడీ నవ్వాడు. "అమ్మ మెత్తబడిందోయ్. వయసు మీదపడుతోంది" అన్నాడు. అత్తయ్య ఆ మాటకి కూడా కళ్లెత్తలేదు. ఆవిడ గడ్డం మెల్లగా కిందికి వాలి గుండెని తాకింది. నాకు మటుకు నవ్వు రాలేదు. మైలవరం ఆవిడకి చీర మీద కలిగిన అనుమానమే నాకు మనిషి మీద కలిగింది.

నేను బెజవాడ వన్‌టౌన్‌లో కిరాణా కొట్టు వెనక గదిలో పెరిగిన దాన్ని. గుడి బయట కొబ్బరికాయ దగ్గర బేరమాడి, అదే గొంతుతో లోపలికెళ్లి దేవుడితో మాట్లాడతానని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. నిజమే. మొక్కులో కూడా నేను ముందు తక్కువే చెబుతాను. దేవుడు ఒప్పుకోకపోతే అప్పుడు పెంచవచ్చని. అంతటి దాన్ని మంగళగిరి కొట్టుకి కోడలిగా వచ్చి, మొదటి వారంలోనే అత్తయ్య ముందు చేతులెత్తేశాను. ఆవిడ ధర చెప్పాక నోరు మూసుకునేది. ఎదుటి మనిషి తనంతట తనే పెంచుకుంటూ పోయేదాకా ఒక్క మాట అనేది కాదు. నేను నోటితో చేసే పనిని ఆవిడ మౌనంతో చేసేది. నా విద్య ఎంత చిల్లరదో నాకు అప్పుడు తెలిసింది.

ఆవిడకో సూత్రం ఉండేది. ఒక కొట్టు మాట రెండో కొట్టులో ఎత్తకూడదు. బజారుకెళ్తే మొదటి కొట్లో కొన్న సంచిని సోడా బండి దగ్గర వదిలి, ఉత్త చేతులతో రెండో కొట్టు మెట్లెక్కేది. "మొదటి వాడి ధర చెప్పావనుకో, రెండో వాడు దానికి ఓ పది తగ్గించి అక్కడే కూచుంటాడు. చెప్పకపోతే వాడి అసలు ధర వాడే కక్కుతాడు" అనేది. మా వన్‌టౌన్‌లో ఎవరూ ఇంత చక్కగా చెప్పలేదని నేను మురిసిపోయాను కూడా.

ఆ సూత్రాన్ని ఆవిడ డాక్టర్లకీ వర్తింపజేసేది.

మా మామగారు చనిపోయిన ఏడాది నుంచి ఆవిడకి గుండెదడ. పట్టపగలు కొట్లో కూర్చుని ఉండగానే చేతులు చల్లబడి, చెమటలు పట్టి, ఇప్పుడే ప్రాణం పోతుందన్నంత కంగారు పడేది. గుణదలలో ఒక పెద్ద డాక్టరు గుండె పరీక్ష చేయించి, గుండెలో లోపమేమీ లేదని చెప్పి, రాత్రిపూట వేసుకోమని చిన్న బిళ్ళ రాశాడు. కొన్నాళ్లకే వేసుకోమన్నాడు, మళ్లీ రమ్మన్నాడు. అత్తయ్య మళ్లీ వెళ్లలేదు. బిళ్ళ మాత్రం మానలేదు. అల్ప్రజోలం అని దాని పేరు నాకు చాలా తర్వాత తెలిసింది. మా ఇద్దరి మధ్య దానికి దడ బిళ్ళ అని పేరు. ఆ సంగతి ఆవిడకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. కన్నకొడుక్కి కూడా. దడకి మందు మింగే మనిషిని బజారులో తేలిగ్గా చూస్తారని ఆవిడ భయం. "గల్లా మీద కూచునే దానికి గుండె బెదురుతోందని తెలిస్తే పీక్కుతింటారే" అనేది. వక్కపొడి డబ్బాలోనే ఆ బిళ్ళలు కూడా ఉండేవి. వాటిని ఆవిడ మందుల లెక్కలో ఎప్పుడూ వెయ్యలేదు.

ఆ వేసవి మొదట్లో కొట్టు మెట్లు కడిగిన తడిలో కాలు జారి కూలబడింది. నడుం ఎముక చిట్లింది. బెజవాడ సూర్యారావుపేటలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బ్యారేజీ దాటుతున్నంతసేపూ ఆటో గతుకుల్లో పడినప్పుడల్లా నా చెయ్యి నలిపేస్తూనే ఉంది. అయినా ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగి నాకు పాఠం చెప్పడం మర్చిపోలేదు.

"గుణదల డాక్టరు ఊసు ఎత్తావంటే చూడు. ఆయన రాసింది చూస్తే ఈయన దాన్నే తిప్పి రాస్తాడు. సొంతంగా చూడనీ."

"దడకీ నడుముకీ ఏం సంబంధం అత్తయ్యా? నేనెందుకు చెబుతాను?"

డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి, వీపు నొక్కి, తెలుగులో శుభ్రంగానే అడిగాడు.

"ఇంకేమన్నా మందులు వాడుతున్నారామ్మా? నిద్రకి గానీ, నరాలకి గానీ?"

"ఏమీ లేవండీ. ఉప్పు తగ్గించాను, అంతే" అంది అత్తయ్య. కనురెప్ప కదపకుండా. ఎంత బాగా చెప్పింది అనుకున్నాను.

ఆయన నొప్పికి ట్రమడాల్ అనే గొట్టాల మాత్రలు రాశాడు. పూటకొకటి చొప్పున రెండు పూటలు, వారం రోజులు. కొంచెం మగతగా ఉండవచ్చని, ఎక్కువైతే ఫోన్ చెయ్యమని చెప్పాడు. మేం తలూపి వచ్చేశాం.

నొప్పి దిగింది. ఎంత హాయిగా దిగిందంటే, ఇంట్లో అందరం ఆ డాక్టరుకి దణ్ణం పెట్టాం. ఏళ్లుగా కోడికునుకు తప్ప నిద్రెరగని మనిషి, పొద్దెక్కేదాకా పడుకుంటోంది. మధ్యాహ్నం కూడా పడుకుంటోంది. కాఫీ తాగుతూ గ్లాసులోకి వాలిపోయి, మూతికి వేడి తగిలి ఉలిక్కిపడి లేచేది. మాట ముద్దగా వచ్చేది. "పోనీలే, ఇన్నాళ్లకి కాస్త కునుకు పడుతోంది" అని మా ఆయన కొట్లో ఫ్యాను ఆవిడ వైపు తిప్పేవాడు. మా వాళ్లకి నిద్ర అంటే లాభం కింద లెక్క. వచ్చిన లాభాన్ని ఎవరూ అనుమానించరు.

నాకు అనుమానం వచ్చింది ఇంకో దారిన. నేను గెలవడం మొదలుపెట్టాను. పొయ్యిగట్టు ఇటు మార్పిద్దామని నేను పెళ్లయినప్పటి నుంచీ అడుగుతున్నాను. ఆ వారం ఊరికే కదిపితే "నీ ఇష్టం" అంది. పుట్టింటికి నాలుగు రోజులు వెళ్తానంటే "వెళ్లు" అంది. ఎదురు లేని గెలుపు ఎంత చప్పగా ఉంటుందో, ఎంత భయంగా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. చీకటి గదిలో గోడ ఉంటుందని చెయ్యి చాస్తే గోడ తగలనట్టు ఉండేది. ఆ తర్వాతే మైలవరం ఆవిడ వచ్చి వెళ్లింది.

రాత్రికి అన్నం పెడుతూ మా ఆయనతో అన్నాను. "ఏవండీ, అత్తయ్య ఒంట్లో ఏదో తేడాగా ఉంది. డాక్టరుకి ఫోన్ చేద్దామా?"

"నొప్పి తగ్గింది, నిద్ర పడుతోంది. ఏమని చెప్తావ్? మా అత్త నాతో పోట్లాడ్డం లేదండీ అంటావా?"

అదే కదా నేను చెప్పవలసింది. కానీ పైకి అంటే ఎంత నవ్వులాటగా ఉంటుందో నాకూ తెలుసు. ఊరుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం అన్నాల వేళ దాటాక కరెంటు పోయింది. మంగళగిరి ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను ఆగితే చచ్చినవాడు కూడా లేచి కూచుంటాడని మా వీధిలో సామెత లాంటి మాట. నిమిషంలో వీధంతా లేచింది. కరెంటువాళ్లని తిట్టే గొంతులు, విసనకర్రల చప్పుడు, ఎదురింట్లో పసిపిల్ల ఏడుపు. మా కొట్టు వెనక గదిలోంచి మాత్రం ఏ అలికిడీ లేదు.

వెళ్లి చూశాను. అత్తయ్య వెల్లకిలా పడుకుని ఉంది. నోరు కొంచెం తెరిచి ఉంది. నుదుటి మీద ఈగ వాలి, తీరిగ్గా కనుబొమ్మ దాకా నడిచింది. "అత్తయ్యా" అన్నాను. భుజం కుదిపాను. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి వచ్చింది. నేను తేలిగ్గా నిట్టూర్చి తర్వాతి ఊపిరి కోసం చూశాను. అది రాలేదు. వీధిలో ఎవరో ఎవర్నో పిలిచారు, వాళ్లు పలికారు, అప్పుడు ఎక్కడో లోతు నుంచి లాగినట్టు ఇంకో ఊపిరి వచ్చింది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

చెంపలు గట్టిగా తట్టి, మొహాన నీళ్లు కొట్టి, పేరు పెట్టి కూడా పిలిచాను. కోడలు అత్తని పేరు పెట్టి పిలవడం మా ఇంట్లో ఎవరూ వినలేదు. ఆవిడ కళ్లు సగం తెరిచింది. నన్ను చూసింది గానీ నేనెవరో పట్టించుకోలేదు.

"ఎంతకడుగుతోంది?" అంది.

"ఎవరత్తయ్యా?"

"ఎంతకడిగితే అంతకి ఇచ్చేయమ్మా."

వక్కపొడి డబ్బా పక్కనే తెరిచి ఉంది. నొప్పి మళ్లీ ఎక్కువైందని గొట్టం ఒకటి అదనంగా వేసుకుందని తర్వాత తెలిసింది. నొప్పితో దడ మొదలైతే, పట్టపగలే దడ బిళ్ళ కూడా మింగిందట. ఆ రెండూ ఆవిడ కడుపులో కలుసుకున్నాయి. ఒక కొట్టు మాట రెండో కొట్టుకి తెలియనివ్వని మనిషి కడుపులో.

మా ఆయన టాక్సీ తెచ్చాడు. ఆవిడ తల నా భుజాన వేసుకుని వెనక సీట్లో కూర్చున్నాను. కళ్లు మూస్తే ఊపిరి తీసుకోవడం మరిచిపోతోందని నాకు అర్థమైంది. నిద్రపోనివ్వకూడదు. ఎలా? ఏడుస్తూ పిలిస్తే ఆవిడ పలకడం లేదు. నాకు చేతనైన పని ఒక్కటే. బేరం మొదలుపెట్టాను.

"ఏమండీ, ఈ చీరెంత? రెండొందలకిస్తారా?"

రెప్పలు కదిలాయి. "సిగ్గులేదూ" అంది ముద్దగా.

"నిజాం బార్డరంటున్నారు, అసలు జరీయేనా ఇది? ముతకగా ఉంది. నూటయాభై."

"ముతకా... కళ్లు... పోయాయా నీకు..."

ముందు సీట్లోంచి మా ఆయన వెనక్కి తిరిగి, నాకు మతి పోయిందన్నట్టు చూశాడు. ఆయన కళ్లనిండా నీళ్లు. ఉండవల్లి దాటాం. బ్యారేజీ ఎక్కాం. కింద కృష్ణ ఎక్కడా లేదు, ఇసకే. నేను మా చీరల్ని ఆ దారంతా తిడుతూనే ఉన్నాను. మొదట్లో ఒక్కో తిట్టుకీ ఒక్కో జవాబొచ్చింది. బ్యారేజీ నడిమధ్యలో లారీ అడ్డంగా నిలబడి బండ్లు ఆగిపోయేసరికి మూడు తిట్లకి ఒక జవాబు. ఒడ్డు చేరేసరికి నేను "ఊరికే ఇచ్చేయండి" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు.

ఆసుపత్రిలో ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. కుర్ర డాక్టరు ఒకాయన మా ఆయన్ని గబగబా అడుగుతున్నాడు. "ఏం మందులు వాడుతున్నారు?"

"నొప్పికి ఈ గొట్టాలొక్కటేనండీ."

"నిద్రమాత్రలు?"

"మా అమ్మకా? అబ్బే."

అప్పుడు నా మణికట్టు మీద వేళ్లు బిగుసుకున్నాయి. గల్లా కింద మాకో సైగ ఉంది. ఇంతకంటే దిగొద్దు, గుట్టు విప్పొద్దు అనడానికి మణికట్టు నొక్కుతాం. అత్తయ్య కళ్లు మూసుకునే ఉంది. ఊపిరి లెక్కగా అందడం లేదు. అయినా నొక్కింది.

"దడకి గుణదల డాక్టరుగారు రాసిన బిళ్ళ రోజూ వేసుకుంటుందండీ. ఏళ్ల తరబడి. ఇవాళ రెండూ వేసుకుంది" అన్నాను. వెంట తెచ్చిన వక్కపొడి డబ్బా ఆయన చేతిలో పెట్టాను. నా మణికట్టు మీద వేళ్లు మెల్లగా వదులయ్యాయి. నిద్రలో వదిలిందో, నన్ను వదిలేసిందో తెలియలేదు.

మర్నాటి పొద్దుటికి గానీ ఆవిడ ఊపిరి ఒక దారిన పడలేదు. ఎముకల డాక్టరు కూడా వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రెండూ మంచి మందులే. విడిగా దేని పని అది చేస్తుంది. కలిస్తే మాత్రం రెండూ మెదడుకి జోల పాడతాయి, ఊపిరి తియ్యమని చెప్పే చోటుకి కూడా. పెద్దవాళ్లలో మరీ ప్రమాదం. ఒక్కమాట చెప్పి ఉంటే నేను వేరే మందు రాసేవాణ్ని."

మా ఆయన డబ్బా లాక్కుని "ఇవాళ్టితో వీటిని కాలవలో పారేస్తా" అన్నాడు.

"వద్దండీ" అన్నాడు డాక్టరు గట్టిగా. "అది ఇంకో గొయ్యి. ఇన్నేళ్లు అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపితే వణుకు పుడుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. గుణదల డాక్టరుగారితో నేను మాట్లాడతాను. కొంచెం కొంచెంగా ఆయనే తగ్గిస్తారు. నొప్పికి ఈ గొట్టాలు ఆపేసి పారాసిటమాల్ వాడదాం. అది కూడా నేను చెప్పినంతే. నడుముకి పట్టీ, వేడి కాపడం. జలుబు బిళ్ళయినా సరే, కొత్తది నోట్లో వేసుకునే ముందు నాకు చెప్పాలి. ఇంకేమన్నా ఉన్నాయామ్మా వాడేవి?"

అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంది. "ఏమీ లేవు" అంది.

ఇంటికొచ్చాక నాతో మాట్లాడటం మానేసింది. నడుం నొప్పి తిరిగి వచ్చింది, పారాసిటమాల్‌కి సగమే లొంగింది. బిళ్ళ తగ్గిస్తున్న కొద్దీ దడ కూడా తిరిగి వచ్చింది. నేను కాపడం పెడుతుంటే వీపు మటుకు అప్పగించి, మొహం అటు తిప్పుకునేది. మధ్యాహ్నాలు నేను గుమ్మంలో కూర్చుని ఆవిడ ఊపిరి వింటూ ఉండేదాన్ని. ఫ్యాను చప్పుడులో వినపడక ఫ్యాను ఆపేసేదాన్ని.

"చంపుతున్నావే ఉక్కతో" అని ఒకరోజు తనే మాట కలిపింది.

"వినపడట్లేదు అత్తయ్యా."

గోడవైపు చూస్తూనే చెప్పింది. "మీ మామగారు పోయినరోజు నేను పక్కనే ఉన్నా. గుంటూరు వాళ్లు చీరలు చూస్తున్నారు. బేరం తెగేట్టుంది. ఆయన గోడకి చేరబడి గుర్రు పెడుతున్నారు. గిరాకీ ముందు ఈ గుర్రేంటని మోచేత్తో ఓ పోటు పొడిచా. గుర్రు ఆగింది. హమ్మయ్య అనుకున్నా." చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాళ్లు చీరలు కట్టించుకుని వెళ్లిందాకా నేను పక్కకి తిరగలేదే."

అదీ ఆవిడ దడ. ఆ చిన్న బిళ్ళ ఇన్నాళ్లూ దాని మీద మూతలా కూర్చుంది.

"నేను కునుకులో పోతే నువ్వూ కునుకే అనుకుంటావు" అంది.

"అనుకోను."

"డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్లాలి?"

గడువు ఇంకా ఉంది. అయినా మర్నాడే మా ఇద్దర్నీ బయల్దేరదీసింది. డాక్టరు నడుం చూసి, ఎముక అతుక్కుంటోందని చెప్పి, బిళ్ళ ఎంత తగ్గిందో అడిగి, బాగుంది అన్నాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు. అత్తయ్య లేవలేదు.

"ఇంకోటుందండీ" అంది.

రొండిన దోపుకున్న సంచీ విప్పి చిన్న సీసా ఒకటి బల్ల మీద పెట్టింది. ఎర్రటి దగ్గుమందు. అడుగున కొంచెమే ఉంది.

"దగ్గుతున్నారా?" అన్నాడు డాక్టరు.

"దగ్గు లేదండీ. కమ్మగా కన్ను మూతపడుతుందని మా పక్కింటావిడ ఇచ్చింది. నడుం పడ్డప్పట్నుంచీ తాగుతున్నా."

ఆయన సీసా తిప్పి, చిన్న అక్షరాలు చదివాడు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని చదివాడు.

"ఆసుపత్రికి తెచ్చిన రోజు కూడానా?"

"ఆ రోజు రెండు మూతలు తాగానండీ."

"తర్వాత మానేశారు కదా?"

అత్తయ్య నా వంక చూసింది. ఇన్ని మధ్యాహ్నాలు గుమ్మంలో కాపలా కూర్చున్న నా వంక.

"రాత్రి కూడా తాగా" అంది.

"ఇది కూడా ఆ జోల పాడేదేనమ్మా" అన్నాడు డాక్టరు. సీసా తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. లేచి వచ్చి, ఆవిడ వీపు మీద స్టెతస్కోప్ ఆనించి, "గట్టిగా ఊపిరి పీల్చండమ్మా" అన్నాడు. ఆవిడ పీల్చింది. "ఇంకోసారి" అన్నాడు. మా ఆయన నిలబడ్డచోటే నిలబడిపోయాడు. ఆ రెండో ఊపిరి వచ్చేదాకా నేనూ పీల్చలేదు.